ఎం.ఏ. చదివించాలా?

నిడుగల్లు కొండ కింది ఊళ్లలో పిల్లల డిగ్రీ పూర్తికాగానే ఇంటింటా ఇదే తర్జనభర్జన. ఎం.ఏ.కో, ఎమ్మెస్సీకో పంపాలా, ఏదైనా పనిలో పెట్టాలా?

ముందు ఏ ఉద్యోగమో తేల్చుకోండి. ఐ.ఏ.ఎస్., కె.ఏ.ఎస్. పరీక్షలకు డిగ్రీ చాలు. హైస్కూలు టీచరుకు డిగ్రీ మీద బి.ఎడ్. ఉండాలి. తిరుమణి దగ్గరి 2050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో ప్యానెళ్లు కడగడానికి, కాపలాకు ఎం.ఏ. ఎవరూ అడగరు. కాలేజీలో పాఠం చెప్పాలంటే మాత్రం అది తప్పదు. డిగ్రీ కాలేజీకైతే సాధారణంగా 55 శాతం మార్కులు, ఆపైన నెట్ గానీ, కె-సెట్ గానీ, పిహెచ్.డి. గానీ ఉండాలి. అంటే రెండేళ్ల చదువుతో తీరేది కాదు. ఆ తరువాతి ఏళ్లకూ ఇంట్లో జరుగుబాటు ఉందా, చూసుకోండి.

మనకు ఇటు తుమకూరు విశ్వవిద్యాలయం 2004లో వచ్చింది. అటు అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. దూరం తక్కువని అటు చూసేవారు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ మనం స్థానికేతరులం, సీట్ల లెక్క వేరు. దరఖాస్తుకు ముందే విచారించండి.

పెళ్లి కుదిరేదాకా ఆడపిల్లను ఎం.ఏ.లో చేర్చడం మనవైపు మామూలే. అది కాలక్షేపపు చదువు. ఫీజు కట్టేముందు ఆ అమ్మాయికి ఏం కావాలో ఆమెనే అడగండి.

పని వదలలేనివారికి ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్యా డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. జీతం తెచ్చుకుంటూనే చదవవచ్చు.