ఎక్కించిన కణాలు ఎన్నాళ్ళుంటాయి?
(యాంగోన్ తెలుగువారి సాంస్కృతికోత్సవ ప్రసంగ పాఠం)

 

కోరంగి రేవున ఓడెక్కి ‘రంగం’ వచ్చిన మన తాతముత్తాతల గురించి ఊళ్ళోవాళ్ళు అడిగేది ఒక్కటే: మనవాడు నిలదొక్కుకున్నాడా? నేడు రక్తపు కాన్సరు వైద్యులూ ఇంచుమించు ఇదే అడుగుతున్నారు.

భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. దానిని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. రోగం తగ్గింది, కాని కొన్ని నెలలకే తిరగబెట్టింది. “తగ్గిందా?” అని అడిగితే చాలదు, “ఎన్నాళ్ళు?” అని కూడా అడగాలి.

నేటి కార్-టి చికిత్సలో రోగి రక్తంలోని టి-కణాలను తీసి, కాన్సరును పోల్చుకునే జన్యువును వాటిలో చేర్చి, పెంచి, తిరిగి నరంలోకి ఎక్కిస్తారు. మందలో కలిసిన పశువును వాతను బట్టి గుర్తుపట్టినట్టు, ఈ కణాలకు ఆ జన్యువే ఆనవాలు. కాస్త రక్తం తీసి, పి.సి.ఆర్. పరీక్షతో అది ఎంత ఉందో కొలుస్తారు.

ఈ లెక్క కొత్తది కాదు. 1990లో స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం చర్మపు కాన్సరు రోగులైదుగురికి గుర్తు వేసిన కణాలను ఎక్కించగా, అవి అందరిలో మూడు వారాలు, ఇద్దరిలో రెండు నెలలు కనబడ్డాయి. ఫిలడెల్ఫియాలో కార్ల్ జూన్ బృందం 2010లో చికిత్స చేసిన ఇద్దరిలో మాత్రం పదేళ్ళు గడిచినా కణాలు సజీవంగా ఉన్నాయని 2022లో ప్రకటించారు.

మరో ఆనవాలుంది. ఈ కణాలు మంచి బి-కణాలనూ చంపుతాయి. రక్తపు కాన్సరు పిల్లల్లో బి-కణాలు త్వరగా తిరిగివస్తే, కాపలా సడలిందేమోనని వైద్యులు జాగ్రత్తపడతారు. అయితే కణాలున్నంత మాత్రాన అభయం కాదు; కాన్సరు తన గుర్తును దాచుకొని తిరిగి రావచ్చు. కణాలు పోయినా రోగం రానివారూ ఉన్నారు. అందుకే రెండింటినీ గమనించాలి.

బొంబాయి ఐ.ఐ.టి., టాటా ఆసుపత్రుల కృషితో తయారైన నెక్స్‌కార్19కు భారతదేశంలో 2023 అక్టోబరులో అనుమతి లభించింది. సముద్రం దాటి వైద్యం చేయించుకునే కుటుంబాలకు మా మనవి ఒక్కటే. నయమైందని ఇల్లు చేరగానే పరీక్షలు మానవద్దు. ఏ కణాలు, ఏ తేదీన ఎక్కించారో తెలిపే కాగితాలు భద్రపరచండి. జన్యువు మార్చిన కణాలు పొందినవారిని 15 ఏళ్ళు గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తోంది. ఏడాదికోసారి ఇచ్చే ఆ కాస్త రక్తం మన బిడ్డకే కాదు, రేపు అదే మంచమెక్కే ముక్కూ మొహం తెలియని బిడ్డకూ మేలు చేస్తుంది.