హక్కుల పద్దు – బాధ్యతల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభ సమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. పండితులును పట్టభద్రులును కూర్చున్న సభలో నావంటివానికి ఈ గౌరవము దక్కుట గ్రంథాలయపు చలువయే. నేను గ్రామ లెక్కలతో పొద్దు పుచ్చువాడను. భారత భాగవతములను గురుముఖమున చదివినవాడను గాను. ఈ బీరువాలలోని ప్రతులను రాత్రులు ముందు వేసికొని, నిఘంటువు పక్కన పెట్టుకొని, కూడబలుకుకొని చదివితిని. కావున నేను చెప్పబోవునది శాస్త్రచర్చ కాదు. లెక్కలవాని మాటగా వినుడు.

నాకిచ్చిన విషయము, యువజనులకు రాజ్యాంగమునందలి హక్కులను, బాధ్యతలను బోధించుట. ఈ సంగతి తెలిసి ఒక పెద్దమనిషి నాతో, “పిల్లలకు హక్కులు నేర్పకుము. ఇంట మాట వినరు, ఊర మాట వినరు. బాధ్యతలు చెప్పుము, చాలును” అనిరి. ఆ సాయంకాలమే ఒక పడుచువాడు, “బాధ్యతలు పుట్టినప్పటినుండి వింటూనే ఉన్నామండీ. హక్కులేవో చెప్పండి” అనెను. ఇద్దరి మాటయు సగము సత్యము. చిట్టాలో జమ పుటను చించివేసి ఖర్చు పుట చూపినను, ఖర్చు పుటను చించి జమ చూపినను, అది లెక్క కాదు. తనిఖీకి వచ్చినవాడు దానిని ఒప్పుకొనడు.

హక్కును, బాధ్యతను వేర్వేరు వస్తువులుగా చెప్పుటయే మన బోధనలోని మొదటి లోపమని నా అభిప్రాయము. ఒకని పేర జమ పడిన మొత్తము మరొకని పేర చెల్లు వ్రాయవలసియుండును. అట్లే ఒకని హక్కు మరియొకని బాధ్యత. హక్కును కోరునప్పుడు అది ఎవరి పేర బాకీ పడినదో చూడవలెను. ఎదుటివాడు కోరునప్పుడు ఆ బాకీ మన పేరనే ఉన్నదేమో చూచుకొనవలెను. ఈ రెండు చూపులును కలిసినచో పౌరుడగును.

దీనికి ఒక దృష్టాంతము చెప్పెదను. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. అచ్చటి ఖాదీ ప్రదర్శనశాల ద్వారమువద్ద ఒక 14 ఏండ్ల బాలిక స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. టికెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పిరి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. చేత టికెట్టు లేదు. బాలిక ఆయనను ఆపెను. నిర్వాహకులు ఆమెను కోపించిరి. తనకు అప్పగించిన పనినే తాను చేయుచున్నానని ఆమె బదులు చెప్పెను. ఆయనకు టికెట్టు కొన్న పిమ్మటనే దారి ఇచ్చెను. నెహ్రూ ఆమె ధైర్యమును మెచ్చుకొనెను. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఆ బాలికయే దుర్గాబాయి. అటుపిమ్మట ఆమె రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలై దేశమునకు రాజ్యాంగము వ్రాసినవారిలో ఒకరైనది.

చట్టము ముందు అందరును సమానులని 14వ అధికరణము చెప్పుచున్నది. దానిని పుస్తకమున చదువుటకు ముందే ఆమె ద్వారమువద్ద నిలిచి ఆచరించినది. చూడుడు, అక్కడ ఆమె చేసినది బాధ్యత. టికెట్టు కొని వరుసలో నిలిచిన సామాన్యులకు అది హక్కు. పద్దు ఒక్కటే, పుటలు రెండు.

మన రాజ్యాంగము 1949 నవంబరు 26న ఆమోదము పొంది, 1950 జనవరి 26న అమలునకు వచ్చినది. ముసాయిదా సంఘమునకు డాక్టరు అంబేద్కరు అధ్యక్షులు. ఆ సంఘములోని అల్లాడి కృష్ణస్వామి అయ్యరు మన నెల్లూరు జిల్లా పూడూరున పుట్టినవారే. కావున ఆ గ్రంథము ఎక్కడనో ఢిల్లీలో ఎవరో వ్రాసికొన్నదని యువకులు తలచరాదు. మన మట్టిలో పుట్టినవారి చేయి కూడ అందులో ఉన్నది.

ఇప్పుడు నా ఆవర్జాలోని రెండు పద్దులు విప్పెదను.

మొదటిది చదువు. 14 ఏండ్లలోపు పిల్లలకు చదువు మూలహక్కు అని సుప్రీము కోర్టు 1993లో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము పేరులోనే “ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము” ఉన్నది. ఉన్నికృష్ణన్ వ్యాజ్యమని దానిని పిలుతురు. పిమ్మట 2002లో 86వ సవరణ వచ్చినది. ఆ సవరణ 21-ఏ అధికరణమును చేర్చి, 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య నొసగవలసిన బాకీని ప్రభుత్వము పేర వ్రాసినది. అదే సవరణ, అదే కలముతో, 51-ఏ అధికరణమున 11వ ప్రాథమిక విధిని చేర్చి, ఆ వయసు పిల్లలకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల విధి అని వ్రాసినది. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. బడిలో పంతులు లేనిచో ప్రభుత్వమును అడుగుట మన హక్కు. బడిలో పంతులు ఉండగా పిల్లను మిరపకోతకు తీసికొనిపోయినచో బాకీదారులము మనమే. అడుగువాడు ముందు తన పద్దు చెల్లుచేసికొని అడిగినచో ఆ గొంతునకు బలముండును.

రెండవది బావి. 17వ అధికరణము అంటరానితనమును నిషేధించినది. 15వ అధికరణములోని రెండవ ఖండము దుకాణములు, భోజనశాలలు, ప్రజల వాడుకకు విడిచిన బావులు, చెరువులు, స్నానఘట్టములు, దారులు, వీనియందు కులము, మతము మొదలైనవాని పేర ఎవరిని అడ్డుకొనరాదని చెప్పినది. ఇచ్చట ఒక విశేషము గమనింపుడు. తక్కిన హక్కులలో పెక్కింటికి బాకీదారు ప్రభుత్వము. ఈ హక్కునకు బాకీదారులము నేను, మీరు, టీకొట్టు యజమాని, గుడి ధర్మకర్త. మన ఊరి వీధిలో ఎవనికైనను వేరు గ్లాసు పెట్టిన దినమున రాజ్యాంగమును ధిక్కరించినవాడు ఢిల్లీలో లేడు, వీధిలోనే ఉన్నాడు. పిల్లలకు ఇది పాఠముగా చెప్పి, ఇంటిలో వేరు గ్లాసు దాచియుంచినచో, వారు మన మాట వినరు. మన గ్లాసునే చూతురు.

ఇక నన్ను చిరకాలముగా బాధించుచున్న సంగతి. కార్యాలయములకు వచ్చు రైతు అడంగలు నకలు కొరకు చేతులు జోడించి నిలుచును. పింఛను కాగితము కొరకు వచ్చిన ముసలమ్మ, “నీ దయ నాయనా” అనును. మంచి మాట ఎవరు పలికినను మంచిదే. కాని తనకు రావలసినదానిని దయగా భావించినవానికి, అది రాని దినమున అడుగుటకు నోరు రాదు. ఇచ్చువాడు గూడ దానిని తన దయయే అని నమ్మును. దయకు గడువు లేదు, రసీదు లేదు. హక్కునకు రెండును కలవు. సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉన్నది. తెల్లకాగితముపై దరఖాస్తు వ్రాసి ఇచ్చినచో సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. మన నియమముల ప్రకారము గ్రామ స్థాయి కార్యాలయమున దానికి రుసుమే లేదు. మర్యాదగా, సూటిగా, ఏ సంవత్సరపు ఏ కాగితము కావలెనో పేర్కొని దరఖాస్తు వ్రాయుట యువకులు నేర్చినచో, చేతులు జోడించు తరము అంతరించి, నమస్కరించి అడుగు తరము వచ్చును. నమస్కారము మర్యాద, యాచన వేరు.

ఓటు సంగతి. 1988నాటి 61వ సవరణ ఓటు వయసును 21 నుండి 18 ఏండ్లకు తగ్గించినది. కాని వయసు వచ్చినంత మాత్రమున ఓటు రాదు, పేరు జాబితాకెక్కవలెను. 1951–52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలో సుమారు 28 లక్షలమంది స్త్రీలు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, ఓటు పోగొట్టుకొనిరి. కారణమేమి? ఫలానావాని భార్యననియో, ఫలానావాని కూతురననియో చెప్పిరి గాని తమ పేరు చెప్పలేదు. పేరు లేని పద్దును జాబితానుండి తొలగించిరి. అమ్మాయిలారా, మీ పేరు మీరు వ్రాయుట చిన్న సంగతి కాదు. ఇప్పుడు జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలలో దేనికైనను 18 నిండినవారు జాబితాకెక్కవచ్చును. 17 నిండినవారు ముందుగనే 6వ నమూనా ఫారమున దరఖాస్తు చేసికొనవచ్చును. పేరు ఎక్కించుకొనుట హక్కు. దానిని నోటుకు, సీసాకు అమ్ముకొనకుండుట బాధ్యత. అమ్మిన పొలమునకు రైతు శిస్తు కట్టడు; ఓటు అమ్మినవాడు మాత్రము అయిదేండ్లు శిస్తు కట్టుచునే ఉండును.

జాబితాకెక్కిన దినముననే మీకు తెలియకుండ మరియొక పదవి వచ్చును. 1993 ఏప్రిలు 24న అమలునకు వచ్చిన 73వ సవరణ ప్రకారము గ్రామపు ఓటర్ల జాబితాలోనున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే. దానికి ఎన్నిక అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. పంచాయతీ వార్షిక జమాఖర్చులను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందుంచవలెనని 1994నాటి మన పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. ఉంచుచున్నారు, కాని చూచువారేరి? సంతకములు పెట్టి లేచిపోవుచున్నాము.

సభాపర్వమున ద్రౌపది ప్రశ్నను తలచుకొనుడు. తన్ను తానోడిన ధర్మరాజునకు నన్నొడ్డు అధికారమున్నదా అని ఆమె అడిగెను. అది కన్నీటి మాట మాత్రమే కాదు. హక్కును గూర్చిన ప్రశ్న. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. పెద్దలందరును తలలు వంచుకొనిరి. అప్పుడు లేచినవాడు వికర్ణుడు, దుర్యోధనుని తమ్ముడు. ఆమె జూదమున గెలువబడలేదని చెప్పెను. చిన్నవాడవు, నీకేమి తెలియునని కర్ణుడు అతనిని గద్దించెను. విదురుడు ప్రహ్లాదుని తీర్పును జ్ఞాపకము చేసి, సభలో నిజము తెలిసి పలుకనివారికి పాపము తప్పదని హెచ్చరించెను. ఆ ప్రశ్నకు ఆనాడే సభ బదులిచ్చియుండినచో కురుక్షేత్రమే ఉండెడిది కాదేమో! పెద్దలకు నా మనవి ఇది: మన గ్రామసభలో ఒక వికర్ణుడు లేచినప్పుడు చిన్నవాడవని కూర్చుండబెట్టకుడు. యువకులకు మనవి ఇది: వికర్ణుడు తన అన్న పక్షమునకు విరుద్ధముగా పలికెను. మనవాడు తప్పు చేసినప్పుడు లేచినదే నిజమైన ధైర్యము. ఎదుటి పార్టీవాని తప్పును ఎన్నుటకు ధైర్యముతో పనియే లేదు.

ఇక ప్రాథమిక విధులు. 1976లో 42వ సవరణ వీనిని పదింటిని చేర్చినది, 2002లో పదునొకండైనవి. స్త్రీల గౌరవమునకు భంగకరమైన ఆచారములను విడుచుట, అడవులను, చెరువులను, నదులను కాపాడుట, ప్రజల ఆస్తిని రక్షించుట, శాస్త్రీయ దృష్టిని పెంచుకొనుట మొదలైనవి ఇందున్నవి. వీనిని నేరుగా అమలుపరచుమని కోర్టుకు పోవు వీలు లేదు. అందువలననే వీనిని బడిలో, ఇంటిలో, గ్రంథాలయమున నేర్పవలసియున్నది. చెరువుగట్టు కొరకేసి దారి కలుపుకొన్నవానికి 51-ఏ వల్లించుటవలన ప్రయోజనము లేదు. గట్టున మొక్క నాటిన పిల్లవానికి ఆ సంఖ్య తెలియకపోయినను నష్టము లేదు.

తుదకు కార్యవర్గమువారికి ఒక సూచన. సంఖ్యలు కంఠస్థము చేయించి బహుమానములిచ్చుటతో ఆగవద్దు. తెలుగు రాజ్యాంగ ప్రతిని బల్లమీద నుంచి, నెలకొక ఆదివారము ఒక్క అధికరణమును మాత్రమే చదువుదము. చదివినదానిని పిల్లలు ఇంటిలో మాటలాడు తెలుగులో తిరిగి వ్రాయవలెను. వ్రాసి, రెండు ప్రశ్నలకు బదులు చెప్పవలెను: ఇది ఎవరికి రావలెను? ఎవరు ఇయ్యవలెను? పిమ్మట ఆ నెలలో దానికి సంబంధించిన ఒక పని చేయవలెను. ఓటర్ల జాబితాలో తమ వీధి పేర్లు సరిచూచుట, బడి మానిన పిల్లల ఇండ్లకు పోయి మాటలాడుట, గ్రామసభలో జమాఖర్చులను పూర్తిగా చదివించుకొని వినుట, ఇట్టివి. లెక్కలు చదువుటలో సందేహము వచ్చినవారు నావద్దకు రావచ్చును. పంచాయతీ లెక్కయైనను, నేను వ్రాసిన లెక్కయైనను, విప్పి చూపుటకు సిద్ధముగా ఉన్నాను.

25 ఏండ్ల క్రిందట ఈ ఊర పుస్తకము చదువుటకు చోటు లేకుండెను. నేడు ఉన్నది. రాబోవు 25 ఏండ్లలో, చదివినదానిని సభలో నిలిచి అడుగువారును, అడిగినప్పుడు తమ బాకీని ఒప్పుకొనువారును ఈ గ్రంథాలయమునుండి బయలుదేరవలెనని కోరుచున్నాను.