గాలిని గాలికి వదిలేయకుండా

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి" అని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. నా వృత్తి గాలి. ముప్పై ఏళ్లకు పైగా ప్యాకింగ్ యంత్రాల మెయింటెనెన్సు చేశాను. డబ్బాను నెట్టేది, మూత బిగించేది, అట్టపెట్టె మడిచేది అన్నీ గాలితోనే. కాబట్టి గాలి కబుర్లు చెప్పే హక్కు ఈ సభలో అందరికంటే నాకే ఎక్కువ.

ఈ సభలో ఆటోనగర్‌లో షెడ్లు నడుపుతున్నవాళ్లున్నారు. ఫార్మా కంపెనీల్లో షిఫ్టు ఇన్‌ఛార్జిలున్నారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు నేరుగా పనికొచ్చే విషయం ఒకటి తెచ్చాను. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి, కరెంటు బిల్లు ఊసు వచ్చేసరికి అందరికీ ఆసక్తి పుడుతుంది.

న్యూమాటిక్స్ అనే పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు కొత్త కాదు. ఆర్టీసీ బస్సు ఆగినప్పుడు 'ఉస్స్' మని వినపడేది బ్రేకు సిలిండర్లలోంచి బయటికొచ్చే గాలి. రైలుకు గాలి బ్రేకును జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చాడు. అంతకు కొంచెం ముందే ఆల్ప్స్ కొండల్లో ఫ్రాన్స్‌కూ ఇటలీకీ మధ్య రైలు సొరంగం తవ్వుతూ సొమెయ్యే అనే ఇంజనీరు, గాలితో నడిచే డ్రిల్లింగ్ యంత్రాలు వాడాడు. 1857లో మొదలైన పని 1870 చివర్లో రెండు వైపులా కలిసింది. అక్కడ ఇంకో లాభం కూడా వచ్చింది. యంత్రం వాడి వదిలేసిన గాలే సొరంగం లోపల కూలీలకు ఊపిరయింది. ఆవిరి యంత్రాన్ని లోపలికి తీసుకెళ్లి ఉంటే పొగకు చచ్చిపోయేవాళ్లు.

గాలికున్న బలమెంతో తొమ్మిదో తరగతి లెక్కతో తేలిపోతుంది. ఒక బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. కర్మాగారాల్లో సాధారణంగా ఆరు బార్లు వాడతాం. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండరు పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. ఆరుతో గుణిస్తే 117 కిలోల పైచిలుకు. చేతిలో పట్టే ఆ సిలిండరు రెండు 50 కిలోల బియ్యం బస్తాలను ఎత్తేస్తుంది. మోటారు, గేర్లు, బెల్టు ఏమీ అక్కర్లేదు. అడ్డం తగిలితే ఆగిపోతుందే తప్ప కాలిపోదు. నిప్పురవ్వ పుట్టదు కాబట్టి సాల్వెంట్లు వాడే చోట, పెయింటు కొట్టే చోట భయం తక్కువ. నూరేళ్లకు పైగా గాలి నిలబడడానికి కారణం ఇదే. సిలిండరు ఆకారం పెద్దగా మారలేదు. ఈనాటి కుర్రాడికి 1970ల నాటి సిలిండరు ఇచ్చినా అరగంటలో విప్పి సీళ్లు మార్చగలడు.

మరి కొత్తగా వచ్చిందేమిటంటే, నా దృష్టిలో లెక్క. ఇన్నాళ్లూ గాలి ఎంత వాడుతున్నామో ఎవరూ కొలవలేదు. కరెంటుకు మీటరుంది, నీళ్లకు మీటరుంది, డీజిల్‌కు రిజిస్టరుంది. గాలికి ఏదీ లేదు. ఊరికే వస్తోందనుకున్నాం.

అది ఊరికే రాదు. సైకిలు పంపు కొడుతుంటే కింది భాగం చేతికి చుర్రుమంటుంది కదా. కంప్రెసర్‌లోనూ అంతే, మనం ఇచ్చిన కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. గాలితో తిరిగే మోటారు నుంచి ఒక హార్స్‌పవర్ పని రావాలంటే, కంప్రెసర్ దగ్గర ఏడెనిమిది హార్స్‌పవర్ల కరెంటు ఖర్చవుతుంది. ఆ తయారైన గాలిలోనూ 20 నుంచి 30 శాతం లీకుల్లో పోవడం సర్వసాధారణమని అమెరికా ఇంధన శాఖ మార్గదర్శకాలే చెబుతాయి. మన షెడ్లలో పరిస్థితి దానికంటే మెరుగ్గా ఉంటుందని నేననుకోను.

బోర్డు మీద ఒక లెక్క వేస్తాను. ఏడు బార్ల లైనులో మూడు మిల్లీమీటర్ల కంత ఉందనుకోండి. దాన్ని మేపడానికి కంప్రెసర్ దాదాపు మూడు కిలోవాట్లు లాగుతుంది. రాత్రింబగళ్లు లైనులో గాలి ఉంటే, 3 ఇంటూ 24 ఇంటూ 365, మొత్తం 26,280 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఏడాదికి 1,83,960 రూపాయలు. ఒక్క కంతకు! ఒక కుర్రాడికి ఏడాది జీతంగా ఇవ్వగలిగిన డబ్బు 'ఉస్స్' మని పోతోంది. "గాలికి పోయింది" అని మన పెద్దలు ఎందుకన్నారో గానీ, ఈ విషయంలో అక్షరాలా సరిపోయింది.

లీకులు పట్టుకోవడంలో వచ్చిన మార్పే నాకు అన్నిటికంటే నచ్చింది. పంక్చరు షాపతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తాడు. మేమూ జాయింటు జాయింటుకూ సబ్బు నురగ రాసి చూసేవాళ్లం. ఇరవై అడుగుల ఎత్తులో పైపుంటే నిచ్చెన, నురగ, తిట్లు. చెవితో విందామంటే యంత్రాల రొద. కానీ లీకు చేసే చప్పుడులో మన చెవికి అందనిది కూడా ఉంటుంది. మనం 20 కిలోహెర్ట్జ్ దాకానే వినగలం, లీకు అంతకు పైన కూడా ఈల వేస్తూనే ఉంటుంది. ఆ ఈలను పట్టే తుపాకీలాంటి పరికరాలు చాలాకాలంగా ఉన్నాయి. ఇప్పుడు వచ్చినవి ధ్వని కెమెరాలు. 2019లో ఫ్లూక్ సంస్థ తెచ్చిన కెమెరాలో 64 బుల్లి మైకులున్నాయి. దూరం నుంచి లైను వైపు చూపిస్తే తెర మీద పైపు బొమ్మ, దాని మీద లీకున్న చోట రంగు మచ్చ కనిపిస్తాయి. యంత్రాలు ఆపక్కర్లేదు, నిచ్చెన ఎక్కక్కర్లేదు. ధర ఎక్కువే, చిన్న షెడ్డువాళ్లు కొనుక్కోలేరు. పది షెడ్లు కలిసి ఏడాదికి రెండు రోజులు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఇక్కడ కూర్చున్నవాళ్లలోనే పది షెడ్లు లెక్క తేలతాయి.

రెండో మార్పు, యంత్రం నిద్రపోతే గాలి కూడా నిద్రపోవడం. భోజనాల వేళ యంత్రం ఆగుతుంది, గాలి మాత్రం ఆరు బార్లతో లీకుల్లోంచి కారుతూనే ఉంటుంది. ఫెస్టో, ఎస్ఎంసీ లాంటి కంపెనీలు యంత్రం ముఖద్వారంలో పెట్టే ఒక మాడ్యూలు తెచ్చాయి. ఎంత గాలి పోతోందో అది కొలుస్తుంది. యంత్రం పనిలో లేదని తెలియగానే గాలి ఆపేస్తుంది, లేదా ఒత్తిడి తగ్గిస్తుంది. గాలి ఆపాక ఒత్తిడి ఎంత త్వరగా పడిపోయిందో చూసి, ఈ యంత్రంలో లీకు పెరిగిందని కబురు పెడుతుంది. పెద్ద తెలివేమీ కాదు, ఇంట్లో వాళ్లు బయటికి వెళ్తూ ఫ్యాను ఆపడంలాంటిదే. ఆ మాత్రం పని ఇన్నేళ్లూ ఎవరూ చేయలేదు.

కంప్రెసర్ దగ్గర కూడా మార్పొచ్చింది. పాత స్క్రూ కంప్రెసర్‌కు గాలి అవసరం లేనప్పుడు అన్‌లోడ్‌లోకి వెళ్లి ఊరికే తిరుగుతుంది, అప్పుడు కూడా నిండు లోడులో వాడే కరెంటులో దాదాపు నాలుగో వంతు తాగుతుంది. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కంప్రెసర్‌ను అట్లాస్ కాప్కో 1994లో తెచ్చింది. ఇప్పుడు మన కోయంబత్తూరు ఎల్జీ వాళ్ల దగ్గర కూడా అవి దొరుకుతున్నాయి. వేడిని కూడా పారేయడం మానేశారు. నూనెను చల్లార్చే చోట ఒక హీట్ ఎక్స్‌ఛేంజరు పెడితే వేడినీళ్లు వస్తాయి. కడుగుడు పని ఎక్కువుండే ఫార్మా కంపెనీలకు అది బాయిలర్ ఖర్చులో తగ్గింపు.

వాల్వుల సంగతి ఇంజనీరింగు మిత్రుల కోసం. మామూలు సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, మధ్యలో ఆగదు. పీజో వాల్వు అలా కాదు. వంటింట్లో గ్యాస్ లైటరు నొక్కితే నిప్పురవ్వ వస్తుంది కదా, లోపల ఒక స్ఫటికాన్ని కొట్టడం వల్ల కరెంటు పుడుతుంది. దాన్నే తిరగేస్తే, కరెంటు పెడితే స్ఫటికం కొంచెం వంగుతుంది. ఆ వంపుతో గాలి దారిని కావలసినంత తెరవొచ్చు, అలా పట్టి ఉంచడానికి కరెంటు దాదాపు అక్కర్లేదు. 2017లో ఫెస్టో ఈ పీజో వాల్వులతో మోషన్ టెర్మినల్ అనే పెట్టె తెచ్చింది. సెల్‌ఫోనులో యాప్ మార్చినట్టు ప్రోగ్రాము మారిస్తే అదే వాల్వు వేరే పని చేస్తుంది. 50కి పైగా విడిభాగాలు చేసే పనిని ఒక్కటే చేస్తుందని వాళ్లు చెప్పారు. చూడడానికి అద్భుతం. అయితే మన దగ్గర నూటికి తొంభై యంత్రాలకు అంత అక్కర్లేదని నా అభిప్రాయం. "ఇండస్ట్రీ నాలుగు పాయింట్ సున్నా" అంటూ బ్రోచర్లు పట్టుకొచ్చే సేల్స్ కుర్రాడిని ముందు ఒక ఫ్లో మీటరు పెట్టమనండి.

గాలికి గట్టి పోటీదారు ఎలక్ట్రిక్ యాక్చుయేటరు. స్క్రూను సర్వో మోటారు తిప్పుతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగుతుంది, కరెంటు తక్కువ తింటుంది. రోజంతా ముందుకూ వెనక్కూ పరిగెత్తే చోట, పది రకాల సైజుల డబ్బాలు నడిపే చోట అదే మేలు. కానీ ఒక వస్తువును గట్టిగా బిగించి పట్టుకునే పనికి సిలిండరే చవక. ఒకసారి గాలి నింపితే, లీకు లేనంతవరకు అలా పట్టుకునే ఉంటుంది, అదనపు ఖర్చు లేదు. పాతది కాబట్టి పీకేయడం, కొత్తది కాబట్టి పెట్టేయడం రెండూ తగవు. ఒక్కో కదలికనూ విడిగా లెక్కేసి చూడాలి.

ఇంకో వైపు గాలి మెత్తని చేయిగా మారుతోంది. దీని వెనక ఒక తండ్రి కథ ఉంది. 1950లలో జోసెఫ్ మెక్‌కిబెన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త కూతురికి పోలియో వచ్చి చేతులు పడిపోయాయి. ఆ వేళ్లు కదిలించడానికి ఆయన ఒక గాలి కండరం చేశాడు. రబ్బరు గొట్టం, దాని చుట్టూ అల్లిన వల, అంతే. గాలి నింపితే లావై, పొడవు తగ్గుతుంది, అచ్చం మన కండ బిగిసినట్టు. ఇవాళ టమోటాలను, కోడిగుడ్లను, బేకరీ కేకులను నలపకుండా పట్టుకునే మెత్తని రోబో వేళ్లు గాలితో పనిచేసే ఆ కుటుంబానివే.

ఒక హెచ్చరిక చెప్పకుండా దిగిపోలేను. మే నెలలో షెడ్డులో ఉక్క భరించలేక గాలి పైపును చొక్కాలోకి పెట్టుకోవడం, బట్టల మీది దుమ్ము దులుపుకోవడం మీరందరూ చూసే ఉంటారు. వద్దు. ఆ గాలి తెగిన చర్మంలోంచి లోపలికి పోగలదు, కర్ణభేరిని చింపగలదు. తోటివాణ్ని ఆటపట్టించడానికి ఒంటికి గాలి పైపు పెట్టి ప్రాణాలు తీసిన సంఘటనలు మన దేశంలోనే పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. షెడ్లున్న మిత్రులు రేపే గోడ మీద రాయించండి.

మాస్టార్లకు ఒక మనవి. బాయిల్ నియమం బోర్డు మీద చెప్పేటప్పుడు ఒక సిలిండరు, చేత్తో నొక్కే వాల్వు, పీయూ ట్యూబు పిల్లల చేతికివ్వండి. మా బ్యాచి తరఫున ఒక బోర్డు తయారుచేసి సైన్సు ల్యాబుకు ఇస్తున్నాం. చిన్న కంప్రెసర్, రెండు సిలిండర్లు, నాలుగు వాల్వులు, ఒక ప్రెషర్ గేజి ఉంటాయి. ల్యాబులో ఒక బల్ల, ఒక ప్లగ్గు పాయింటు చాలు. ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లే పిల్లలకు ఇది తిండి పెట్టే చదువు. లైను చూసి, గేజి చదివి, లెక్క చెప్పగలిగే టెక్నీషియన్ కోసం కంపెనీలు వెతుక్కుంటున్నాయి.

ఇక షెడ్లున్నవాళ్లకు మొదట చెప్పిన పనికొచ్చే విషయం. వచ్చే ఆదివారం యంత్రాలన్నీ ఆపి, గాలి వాడేవేవీ లేకుండా చూసి, కంప్రెసర్ మాత్రం నడపండి. చేతిలో గడియారం పెట్టుకుని అది ఎన్ని నిమిషాలు లోడులో ఉందో, ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉందో నాలుగైదు సార్లు రాసుకుని సగటు తీయండి. లోడు నిమిషాలను మొత్తం నిమిషాలతో భాగించి వందతో గుణించండి. రెండు నిమిషాలు లోడు, ఆరు నిమిషాలు ఖాళీ అయితే 25 శాతం లీకు. పది శాతంలోపు వస్తే మీ మెకానిక్కుకు జీతం పెంచండి. ఎక్కువొస్తే ముందు డ్రెయిన్ కాక్‌లు, పుష్ ఫిట్టింగులు, ఫిల్టరు గిన్నెలు చూడండి, లీకులు సాధారణంగా అక్కడే ఉంటాయి. అవి సరిచేశాక ఒత్తిడిని కొంచెం కొంచెంగా తగ్గించి చూడండి. ఒక బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటులో ఆరేడు శాతం మిగులుతుంది.

భోజనాల తర్వాత నేను ల్యాబు వరండాలోనే ఉంటాను. కంప్రెసర్ నేమ్‌ప్లేటు ఫొటో, పోయిన నెల కరెంటు బిల్లు ఫోనులో ఉన్నవాళ్లు పట్టుకురండి, కూర్చుని లెక్క వేద్దాం.