మనవాడే కదా అని ఊరుకోవద్దు



మేము సైటు పని చూసే సూపర్‌వైజర్లం. మైకు ముందు మాట్లాడటం మాకు అలవాటు లేదు. కానీ అల్ఫారెట్టా చుట్టుపక్కల కొత్తగా దిగిన పిల్లలు "అన్నా, ఏదైనా పని ఉందా" అని అడిగేది మాలాంటి వాళ్లనే. ఊళ్లో అప్పు, ఇక్కడ అద్దె, చుట్టూ తెలిసినవాళ్లు లేరు. అలాంటి పిల్లల్ని ఎలా వాడుకుంటారో, మనం ఏం చెయ్యగలమో చెప్పుకుందాం.

ముందు మన వాళ్ల మధ్య జరిగిన సంగతే ఒకటి. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వచ్చిన లకిరెడ్డి బాలిరెడ్డి కాలిఫోర్నియాలోని బర్క్లీలో పేరున్న ఇళ్ల యజమానిగా ఉండేవాడు, హోటలు కూడా ఉండేది. సొంత ఊరి వైపు నుంచి పేదింటి పిల్లల్ని దొంగ పేర్లతో, దొంగ బంధుత్వాలతో తెచ్చి పనికి, అంతకన్నా ఘోరాలకి వాడుకున్నాడు. 1999 నవంబరులో అతని అపార్ట్‌మెంటులో హీటరు గొట్టం మూసుకుపోయి, విషవాయువు నిండి 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. దారిన పోతున్న ఒకావిడ, ఏడుస్తున్న ఇంకో అమ్మాయిని బలవంతంగా వ్యాన్ ఎక్కించడం చూసి ఆగింది, 911కి ఫోన్ చేయించింది. తర్వాత బర్క్లీ హైస్కూల్ పత్రికలో ఇద్దరు విద్యార్థినులు, ఆ వయసు పిల్ల బడిలో ఎందుకు లేదని ఆరా తీసి రాశారు. 2001లో అతను నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు శిక్ష పడింది.

ఆగి చూసిన ఆవిడా, అడిగిన ఆ ఇద్దరు పిల్లలూ మన వాళ్లు కారు. ఈ మాట మనం గుర్తుపెట్టుకోవాలి. "మన ఊరివాడు, పెద్దమనిషి, తీసుకొచ్చి దారి చూపించాడు" అనే మాట వెనకే ఇవన్నీ దాక్కుంటాయి.

కట్టేసే పద్ధతి ఎక్కడైనా ఒకటే. ముందు అప్పు. తర్వాత పాస్‌పోర్టు "భద్రంగా దాచిపెడతా" అని తీసుకోవడం. గది, తిండి, బండి పేరు చెప్పి జీతంలో కోత. చివరికి "నోరెత్తితే వీసా పోతుంది" అని బెదిరింపు. మిసిసిపీలోని సిగ్నల్ ఇంటర్నేషనల్ కంపెనీకి 2006లో మన దేశం నుంచి వచ్చిన వెల్డర్లు, పైపు ఫిట్టర్ల సంగతీ ఇంతే. ఏజెంట్లకి వేల డాలర్లు కట్టి వస్తే, ఒక్కో ట్రెయిలర్‌లో 24 మంది దాకా పెట్టి, దానికి నెలకి 1,050 డాలర్లు కోసుకున్నారు. వాళ్లు కలిసి నిలబడ్డారు. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురికి కోటీ 40 లక్షల డాలర్లు ఇవ్వాలని చెప్పింది.

ఎఫ్-1 మీద ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. పర్మిషన్ లేకుండా బయట పని చేస్తే నష్టం మీకే. ఆ సంగతి ఓనరుకి బాగా తెలుసు, అందుకే సగం జీతానికి పెట్టుకుంటాడు. అయినా చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టే హక్కు వాడికి లేదు. కాగితాలు ఎలా ఉన్నా, లేబర్ డిపార్ట్‌మెంట్ జీతాల విభాగానికి ఫిర్యాదు చెయ్యొచ్చు. గంటకి 7.25 డాలర్లు ఫెడరల్ కనీసం. చాలా పనుల్లో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి.

మనిషిని కట్టిపడేసి పని చేయించుకోడానికి పాస్‌పోర్టు లాక్కోవడం నేరం, 5 ఏళ్ల దాకా జైలు. అలా చిక్కుకున్నవాళ్లకి 2000లో వచ్చిన చట్టం కింద టి వీసా అనే దారి ఉంది.

సైట్లో మాలాంటి వాళ్ల బాధ్యత వేరే. 18 నిండని పిల్లల్ని రూఫ్ ఎక్కించకూడదు, ట్రెంచిలో దింపకూడదు. సబ్ కాంట్రాక్టరు తెచ్చిన కుర్రాడు తన పేరు తను చెప్పలేక పక్కవాడి మొహం చూస్తుంటే, జీతం వేరేవాళ్ల చేతికి పోతుంటే, వాడిని ఒంటరిగా పక్కకి పిలిచి మాట్లాడాలి. తిన్నావా, ఎక్కడ ఉంటున్నావు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఈ మూడు ప్రశ్నలు చాలు. మీరే వెళ్లి ఓనరుతో గొడవ పడొద్దు, ఆ దెబ్బ కుర్రాడి మీద పడుతుంది.

ప్రాణం మీదికి వస్తే 911. లేకపోతే మానవ అక్రమ రవాణా జాతీయ హెల్ప్‌లైన్ 1-888-373-7888. రాత్రీ పగలూ ఎత్తుతారు. అది ఇమిగ్రేషన్ ఆఫీసు కాదు. తెలుగు దుభాషి కావాలని అడగండి. ఈ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి, మీ గదిలో ఉన్న కొత్త కుర్రాడి ఫోన్లో కూడా వేయించండి.

సెలవు.