12 బోరు – ఒక గుమాస్తా ఆలస్యంగా నేర్చిన పాఠం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కలెక్టరాఫీసు ఆయుధ లైసెన్సుల సెక్షనులో ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. రిజిస్టర్లలో "12 బోరు" అని వందలసార్లు రాశాను. ఆ 12 ఏమిటో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. రిటైరయ్యాక అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దాయన చెప్పాడు. పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం 12 బోరు.

అది జింకల వేట సీజను. అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడవచ్చు. "దూరం కొట్టేదే మంచి తుపాకీ కదండీ?" అన్నాను. ఆయన నవ్వాడు. అక్కడ చాలావరకు చదును నేల, పొలాల మధ్య ఇళ్ళు. పొదల్లో జింక యాభై అరవై గజాల్లోనే కనపడుతుంది. అందుకే చాలా దూరం పోయే రైఫిలు తూటాలను జింక వేటకు అనుమతించరు. 2014 నుంచి మాత్రం, మెడ సన్నబడని తిన్నటి గుల్ల తూటాల రైఫిళ్ళకు అనుమతి ఉంది. ఆయన మాత్రం 12 బోరే వాడతాడు.

తుపాకీ కంటే తూటా ముఖ్యమన్నాడు. పిట్టల తూటాలో చిన్న గుండ్లుంటాయి. అవి దూరం పోయేకొద్దీ చెదిరి, జోరు తగ్గుతాయి. జింకకు కావలసింది స్లగ్ అనే ఒకే పెద్ద గుండు, సుమారు 28 గ్రాములు. ముంగాలి వెనుక, గుండె ఊపిరితిత్తుల చోట తగిలితే జింక ఎక్కువసేపు బాధపడదు. "నా గురి నిలిచేంత దూరమే నా తుపాకీ దూరం. జింక వెనుక ఏముందో కనపడకపోతే మీట నొక్కను" అన్నాడు.

ఆ మాటతో మా మేనమామ గుర్తొచ్చాడు. నాకప్పుడు పదేళ్ళు. పిట్టలకని దట్టించిన నాటు తుపాకీతో దుప్పిని కాల్చాడు. అది పడలేదు, పరుగెత్తింది. మూడోరోజు చెరువు గట్టున చచ్చి పడివుంటే చూశాను. "తగిలింది కదా, ఎందుకు పడలేదు మామయ్యా?" అంటే బదులివ్వలేదు. జవాబు దొరకడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని వేటాడడం నేరం. అది మంచిదే. నా బాధ వేరు. అర్జీలో "ఏ పనికి" అనే గడి ఉండేది. పాత ఫైలు చూసి అదే మాట ఎక్కించి, పైకి పంపేవాణ్ణి. అసలు అడగవలసిన ప్రశ్న అదేనని అప్పుడు తట్టలేదు.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళేవారికి ఒక మనవి. వేట సీజనులో అడవి పక్కన నడకకు వెళితే నారింజరంగు చొక్కా వేసుకోండి.