మన యూరి చెక్కభజన



నేడు నేను మనవి చేయబూనిన విషయము మీ రెరుగనిది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఒకప్పుడు పెక్కు గ్రామములందు చెక్కభజన జట్లుండెడివి. కొన్ని యూళ్ళలో నేటికిని గలవు. ఆ జట్టువారు మన యెదుట నిలిచి పాడి యాడునపుడు మన హృదయమున కేమగుచున్నది? ఆ యనుభవము రేడియోలో వినునపుడు గాని, చేతిలోని ఫోనులో చూచునపుడు గాని యేల కలుగకున్నది? దీనికి నాకు తోచిన సమాధానమును చెప్పెదను. రేడియోలో మాటలాడుచు రేడియో చాలదనుట వింతగా నుండవచ్చును. అయినను ఉన్నమాట చెప్పవలసినదే గదా!

ముందుగా భజన తీరును జ్ఞప్తికి తెచ్చుకొందము. గురువు నడుమ నిలుచును. ఆయన చేత తాళములు. చుట్టును వలయముగా ఆటగాండ్రు. కాళ్ళకు గజ్జెలు, చేత చెక్కలు. ఒక ప్రక్క హార్మోనియము, మద్దెల. గురువు పల్లవి నెత్తుకొనును, జట్టు దానినందుకొనును. మొదట నడక మెల్లగా సాగును. పాట పెరిగినకొలది అడుగు మారును. కూర్చుండుట, లేచుట, వెనుదిరుగుట, ఒకరినొకరు దాటుట, అన్నియు తాళము తప్పకుండ జరుగవలయును. తుదకు చెక్కల మ్రోతయు, గజ్జెల మ్రోతయు, గొంతుల మ్రోతయు ఏకమై, ఏది యెవరిదో తెలియరాని స్థితి యేర్పడును. ఆ క్షణము కొరకే జనము రాత్రి నిద్ర మాని కూర్చుందురు.

ఆ క్షణమున మన కేల ఒడలు గగుర్పొడుచును? మొదటి కారణము శరీరమునకు సంబంధించినది. శబ్దము చెవికి మాత్రమే చేరునది కాదు. మన సీమలో దేవళముల ముంగిట నాపరాళ్ళు పరచియుండుట మీరెరుగుదురు. ఆ రాతిమీద ఇరువది జతల కాళ్ళు ఒక్కసారిగా పడినపుడు, అరుగుమీద కూర్చున్న ముదుసలికిని ఆ యదురు తెలియును. ఆయన వ్రేళ్ళు తనకు తెలియకయే మోకాలిపై తాళము వేయును. యంత్రము శబ్దమును తేగలదు గాని నేలను తేలేదు.

రెండవ కారణము, పాడువారు మనవారగుట. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది మొదలు, మహావిద్వాంసుల గానము పల్లెటూరి చావడికిని వచ్చినది. అది గొప్ప మేలు, కాదనరాదు. మన భజనగాని గొంతు వారి గొంతుతో సరిపోలదు. కాని పగలు శనగచేనిలో వంగి పనిచేసినవాడు, చీనీతోటకు నీరు కట్టినవాడు, రాత్రి గజ్జె కట్టి హనుమంతుడై లేచినపుడు మన మాశ్చర్యపడుదుము. విద్వాంసుని విని ‘ఎంత గొప్పవాడు!’ అనుకొందుము. మన పొరుగువానిని చూచి ‘వీనిలో ఇంత యున్నదా!’ అనుకొందుము. ఆ వెంటనే మనలోను ఏదో ఉండవచ్చునని తోచును. ఈ రెండవ తలపే మనిషిని నిలువున కదలించునది.

మూడవ కారణము, చూచువారును ఆటలో పాలివారగుట. జనము అలసినచో గురువు వారి ముఖములు చూచి పాట మార్చును. జనము ఉప్పొంగినచో అదే చరణమును మరల నెత్తుకొనును. పట్టుబడిన పాటకు ఈ కన్నులు లేవు. అది మనము విన్నను వినకున్నను ఒక్క తీరుననే సాగును.

మన సీమకు కక్షలవలన చెడ్డపేరు వచ్చినమాట దాచవలసినది కాదు. జమ్మలమడుగు ప్రాంతమున ఒక తిరునాళ్ళలో నేను కన్నది చెప్పెదను. చెక్కభజన ముగిసిన పిదప అదే జట్టు కోలాటము కట్టినది. అందు ఇద్దరు యువకులు గలరు. వారి యిండ్లవారు ఏండ్ల తరబడి ఒకరి గడప నొకరు త్రొక్కనివారు. కోలాటములో ఎదుటివాని కోలకు కోల తాకింపక తప్పదు. పొరపాటున వ్రేటు తప్పినచో వ్రేళ్ళు చితుకును. వలయము తిరుగుచుండగా వారిద్దరును ఎదురెదురుగా వచ్చిరి. కోలలు కలిసినవి, తాళము తప్పలేదు. చూచుచున్న జనము నిశ్శబ్దమైపోయినది. నా ప్రక్కనున్న యొక యవ్వ కొంగుతో కన్నులొత్తుకొనెను. ఆ రాత్రితో వైరము తీరెనని నేను చెప్పను, అది తీరలేదు. కాని ఒకని చేతిని మరియొకడు నమ్మినగాని ఆట సాగదని ఊరంతయు కన్నులార కన్నది. ఇది ఏ ఉపన్యాసమువలనను కాదు.

ఇట్టి ప్రదర్శనములు చిన్నవని తలపరాదు. మన జిల్లాలోనే, నేటి చక్రాయపేట మండలములోని సురభి గ్రామమున, 1885లో తోలుబొమ్మలాడించు కుటుంబమువారు ఒక పెండ్లి సందర్భమున తామే వేషములు కట్టి ‘కీచకవధ’ నాటకమాడిరి. ఆనాడు చూచినవారు పల్లెజనము. వారి మెప్పే ఆ కళాకారులకు పెట్టుబడియైనది. ఆ గ్రామము పేరనే వనారస గోవిందరావుగారి సమాజము ఆంధ్రదేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ప్రొద్దుటూరులో నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు ‘శివతాండవము’ను రచించిరి. ఆ కావ్యమును పుటలలో చదువుట వేరు. గొంతెత్తి లయతో చదువగా వినుట వేరు. విన్నవారికి అందలి అడుగుల చప్పుడు తెలియును.

‘కాలము మారినది, యువకులు బెంగుళూరికిని హైదరాబాదుకును పోవుచున్నారు, ఇంక భజన యెవరికి?’ అని కొందరందురు. ఇందు సత్యము గలదు. వానలు తప్పినపుడు, పైరు ఎండినపుడు, కడుపు చేతబట్టుకొని పోవువానిని నిందింపరాదు. అట్లు పోయినవాడు పండుగకు తిరిగివచ్చినపుడు అతనికి ఊరిలో ఏమి మిగిలియుండును? పెట్టెలంత ధ్వనియంత్రములు తెచ్చి, కిటికీలదరునట్లు సినిమాపాటలు మ్రోగించినచో అతడు చెవులు మూసికొని ఇంటికి పోవును. పట్టణమున ఆ మ్రోత అతనికి నిత్యము లభించునదే. తన బాల్యమిత్రుడు గజ్జె కట్టి ‘రారా, నీ చోటు ఖాళీగా నున్నది’ అని పిలిచినచో, ఆ పిలుపు మరియెక్కడను దొరకదు.

ఇచట మీ వంటి పెద్దలు చేయదగిన పనులు గలవు. అవి గొప్ప వ్యయముతో కూడినవి కావు. రామాలయపు ముంగిలిని సాయంకాలము పిల్లల అభ్యాసమునకు విడువవచ్చును. పొరుగూరినుండి వచ్చు గురువునకు భోజనమును, నెలకింత జీతమును ఊరందరు కలిసి యేర్పరుపవచ్చును. ఆడపిల్లలను చేర్చుకొనవచ్చును, పెక్కుచోట్ల వారే నేడు కోలాటమును నిలుపుచున్నారు. వృద్ధ గురువుల పాటలను వ్రాయించి యుంచవచ్చును. అయితే పాటను వ్రాసి పెట్టెలో పెట్టినంత మాత్రమున అడుగు నిలువదు. కాలు కాలిని చూచి నేర్చుకొనవలయును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ప్రదర్శనము నాడు మీరు వెళ్ళి ముందు వరుసలో కూర్చుండుడు. పిల్లవాడు తాళము తప్పినను లేచిపోవలదు. ఆటగానికి కావలసినది శాలువా కాదు, తన యూరివారి చూపు. చూచువారు లేక పోయిన కళ ఒక్క తరముతో మాయమగును. మన మనుమలు దాని పేరు మాత్రమే విందురు.

ఈసారి శ్రీరామనవమికి మీ యూరిలో చెక్కల చప్పుడు వినవచ్చినచో, ఈ రేడియోను కట్టివేసి, మనుమని చేయిపట్టుకొని అచటికి వెళ్ళుడు. సెలవు.