అరుంధతి ఎవరి పేరు?

(ఒక మాదిగపల్లెలో పాపకు పేరు పెట్టిన రోజు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ ఉయ్యాల్లో వేసిన పాపకి అరుంధతి అని పేరు పెట్టారు. పొద్దున్నుంచి వింటున్నాను. జేజమ్మ "అరుందతీ" అంటోంది. మేనమామ "అరంధతి" అంటున్నాడు. కాలేజీలో చదివే పిన్నమ్మేమో "నోరు తిరగని పేరెందుకు, రెండక్షరాల పేరు పెడితే పోయేదిగా" అని గొణుగుతోంది. నిజమే, ఈ రోజుల్లో ఈ పేరు పెట్టేవాళ్లు తక్కువ. 2009లో సినిమా వచ్చినప్పుడు ఊరూవాడా మోగింది గానీ, ఆ అరుంధతి గద్వాల దొరసాని. మన పిల్ల కాదు.

మరి అసలు అరుంధతి ఎవరు? పెళ్లిలో పంతులు మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. పెళ్లికూతురు ఏమీ కనపడకపోయినా తలూపుద్ది. సప్తర్షుల తోకలో నడిమి చుక్క వశిష్ఠుడట, దాన్ని ఆనుకుని మినుకుమనే చిన్న చుక్క అరుంధతట. ఆమె మాతంగుల ఆడపడుచు అన్నది మన పెద్దల మాట. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. నీచ కులంలో పుట్టిన అక్షమాల వశిష్ఠుణ్ణి కట్టుకుని పూజ్యురాలైందని ఉంది. ఆ అక్షమాలే అరుంధతి అని పండితులే చెబుతారు. నది సముద్రంలో కలిసినట్టు ఆడది మొగుడి గుణం తెచ్చుకుంటుందట! అంటే ఆమె గొప్ప ఆమెది కాదన్నమాట.

అదే మనువు మూడో అధ్యాయంలో నక్షత్రం పేరున్న పిల్లని పెళ్లాడొద్దన్నాడు. పంతులు చూపించేది మాత్రం నక్షత్రాన్నే! రెండో అధ్యాయంలో ఆడపిల్ల పేరు సులువుగా పలికేట్టుండాలన్నాడు, శూద్రుడి పేరు వింటే రోత పుట్టాలన్నాడు. బిడ్డలు దక్కక మన తల్లులు పెట్టుకున్న పెంటమ్మ పేరు వేరు. అది కడుపుతీపి. ఈయనది శాసనం.

మన తాతలు "అరుంధతీయులం" అని చెప్పుకున్నారు. ఇవాళ్టికీ షెడ్యూల్డు కులాల జాబితాలో ఆ పేరు ఉంది. తమిళనాడులో అరుంధతీయులు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లకి 18 శాతంలో 3 శాతం ఇస్తూ 2009లో చట్టమొచ్చింది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. అక్కడ తమిళంలో ద, ధ అని రెండక్షరాలే లేవు. ఎవరి పరువూ పోలేదు.

ఒక తమ్ముడు నన్నడిగాడు: "1994లో ఈదుముడిలో దండోరా మోగినాక మాదిగ అని పేరు చివర బాహాటంగా రాసుకుంటున్నాం. ఇంకా వశిష్ఠుడి పెళ్లాం పేరు చాటున ఎందుకు?" మంచి ప్రశ్న. కొట్టిపారెయ్యను. నాకూ వశిష్ఠుడితో పనిలేదు. నా పని మా అక్కతో.

ఈ పాప జేజమ్మ మా అక్క. మా నాయన ఆమెకి అరుంధతి అనే పెట్టాడు. బళ్లో వేసిన రోజు అయ్యవారు "ఈ పేరు మీకెందుకురా?" అన్నాడు. ఆమెని నిలబెట్టి "ఒత్తు పలుకు చూద్దాం" అన్నాడు. అక్క "అరుందతి" అంది. మళ్లీ అనమన్నాడు. మళ్లీ అదే. పిల్లలంతా నవ్వారు. అయ్యవారు రిజిస్టర్లో అంకమ్మ అని రాసుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసింది. రేషన్ కార్డులో అంకమ్మ, ఓటరు లిస్టులో అంకమ్మ. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తులెన్ని ఉన్నాయి చెప్పండి? ఒత్తక్షరాలు సంస్కృతం మాటలతో వచ్చినవే. ధనాన్ని దనం అనే కామందులు ఎంతమంది లేరు? వాళ్ల ఆస్తి పత్రాల్లో పేర్లు ఎవరన్నా మార్చారా?

అందుకని ఒక్క పని చేయండి. రేపే పంచాయతీ ఆఫీసుకి పొండి. పుట్టిన ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికైనా ఆధార్‌కైనా ఆ కాగితమే మూలం. రాసేవాడి పక్కన నిలబడి "ధ" కింద ఒత్తు పడిందో లేదో చూసుకోండి. పిలిచేటప్పుడు మాత్రం మా అక్క పిలిచినట్టే పిలవండి.

జై భీమ్!